అండ్‌ల ఉన్నది

మొన్న ఖమ్మం బస్టాండులో మణుగూరు బస్సు కోసం నిలబడి ఉంటే, ఒకప్పుడు అక్కడి బొగ్గుగనుల కాలనీలో మా పక్క క్వార్టర్‌లో ఉన్న ఆంటీ కనపడింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మన లైఫ్ అండ్ డెత్ మాస్టర్ పోయిండు, ఎరికేనా? నెలయితాంది" అంది. అనేసి, పోయినవాళ్ళ మీద నవ్వకూడదని గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెను తప్పు పట్టను. ఆయన ఊసెత్తితే మా ఊళ్ళో ఎవరికైనా ముందు నవ్వే వస్తుంది. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. సిగ్గేసింది. నడిబజారులో ఎవరో నిలదీసినట్టు చెవులు వేడెక్కాయి. బస్సు వస్తుందేమో చూస్తున్నట్టు పక్కకు తిరిగాను.

మాస్టర్ అంటే పాఠాలు చెప్పే ఆయన కాదు. మా వైపు టైలర్‌ను కూడా మాస్టర్ అనే పిలుస్తారు. మణుగూరు బజారులో, గాజుల దుకాణం పక్క సందులో ఆయన షాపు. షాపు అంటే రెండు మిషన్లు, ఒక బెంచీ, లోపలి ఇంటికి అడ్డంగా ఒక పూల పరదా. మధ్యాహ్నం బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా సూదుల డబ్బా గలగలమనేది. ఆయన తల ఎత్తకుండానే డబ్బా మీద చెయ్యి పెట్టి, చప్పుడు ఆగాక తీసేవాడు. చెవి మీద సుద్దముక్క, మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. మాట్లాడాల్సి వస్తే సూదులు తియ్యకుండానే గొణిగేవాడు. సగం అర్థమయ్యేది, సగం మనమే పూరించుకోవాలి. ఒక్క మాట అనేటప్పుడు మాత్రం సూదులన్నీ తీసి డబ్బాలో వేసి, నోరు తుడుచుకుని అనేవాడు.

"లైఫా, డెత్తా?"

ఈ మాట ఆయనకు ఎక్కడ అంటుకుందో ఊరందరికీ తెలుసు. ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పుకున్నాడు. గనుల్లో పనిచేసే ఆఫీసరు ఒకాయన, పైనుంచి పెద్దసార్లు తనిఖీకి వస్తున్న రోజున ప్యాంటు జిప్పు తెగిపోయి, ఆ చోట ఫైలు అడ్డం పెట్టుకుని షాపులోకి పరిగెత్తుకొచ్చాడట. "మాస్టర్, జల్దీ, లైఫ్ అండ్ డెత్ ప్రాబ్లమ్" అన్నాడట. మాస్టర్‌కు లైనింగు, ఫాలు, పీకో లాంటి ఇంగ్లీషు తప్ప వేరే ఇంగ్లీషు రాదు. జిప్పు వేస్తూ వేస్తూ ఆ మాటకు అర్థం అడిగాడు. ఆఫీసరు చెప్పాడు. విన్నాక మాస్టర్ చేతిలో సూది ఆగిపోయిందట. జిప్పుకు ఇంత పెద్ద మాటా అని ఆయన ఆశ్చర్యం. ఆ ఆశ్చర్యం ఆయనకు చివరిదాకా తీరలేదు.

దాని మీద ఆయన చాలా ఆలోచించాడు. బట్టలు కుట్టేవాళ్ళకు చేతులకు పనేగానీ బుర్రకు తీరికే గదా. ఒకసారి అమ్మతో అన్నది నేను విన్నాను. "మనం సావుబతుకులు అంటం టీచరమ్మా. సావును ముంగట వెడ్తం. ఇంగ్లీషోళ్ళు లైఫ్‌ను ముంగట వెట్టిండ్రు. అది గాదు ముచ్చట. వాళ్ళు నడుమ అండ్ అని ఇంత జాగ ఇడిసిండ్రు. మనం ఆ జాగ గూడ ఇయ్యలే. సావు, బతుకు, రెండిట్ని గల్పి కుట్టేసినం." అమ్మ కాలనీ బళ్ళో చిన్నపిల్లలకు తెలుగు చెప్పేది. ఇంటికొచ్చాక ఆ మాట నాన్నకు చెప్పి చెప్పి మురిసిపోయింది.

అలా షాపు గోడకు మూడు కొక్కేలు వెలిశాయి. ఒకటి లైఫ్, ఒకటి అండ్, ఒకటి డెత్. అర్జెంటు అని ఎవరొచ్చినా సూదులు తీసి ఆ ప్రశ్న అడిగేవాడు. పుట్టుక, చదువు, కొలువు అయితే లైఫ్. ఇంట్లో ఎవరైనా పోతే తొడగాల్సిన కొత్తబట్టలైతే డెత్. వీటిని ఎంత పని ఉన్నా ముందు కుట్టేవాడు. రెండూ కాకపోతే, "అట్లయితే మీది అండ్‌ల ఉన్నది" అని నడిమి కొక్కేనికి తగిలించేవాడు. లోకమంతా ఆ నడిమి కొక్కెం మీదే వేలాడేది. దాని బరువుకు గోడ సున్నం రాలుతుండేది. పెళ్ళి బట్టలు కూడా అండే. పెళ్ళి సంగతి ఆరునెలల ముందు తెలుసు, గుడ్డ నిన్న తెచ్చిండ్రు, నేనేం జేయాలె అనేవాడు. పెద్ద ఆఫీసరు భార్య పట్టుజాకెట్ అండ్‌లో మగ్గిపోయిన సంగతి కాలనీలో చాలా రోజులు చెప్పుకున్నారు. అడవి పక్క ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక కోయపిల్ల, చంకలో చిరిగిన యూనిఫాం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడితే, ఆ ప్రశ్నకు అర్థం తెలియక నేల చూస్తుంటే, ఆయనే జవాబు చెప్పుకున్నాడు. "బడికి పోవాలె గదా. లైఫే." నిలబెట్టి కుట్టిచ్చాడు.

కొన్నాళ్ళకు ఊరంతా ఆ మాట పట్టుకుంది. ట్రాన్స్‌ఫర్ రాకపోతే అండ్‌ల పడ్డది, సంబంధం తేలకపోతే అండ్‌ల ఉన్నది. అబద్ధాలూ మొదలయ్యాయి. పండగలు దగ్గరపడితే మణుగూరులో నానమ్మలు, అమ్మమ్మలు తెగ చనిపోయేవాళ్ళు. ఒకాయన ఒకే మేనత్తను దసరాకూ చంపాడు, ఉగాదికీ చంపాడు. మాస్టర్ గుండుసూదులు తీసి, "పాపం, మల్ల బోయిందా?" అన్నాడు. అని, డెత్ కొక్కేనికే తగిలించాడు. ఎందుకని అడిగితే, చెప్పినోళ్ళ మాట నమ్ముడే నా పని, తవ్వి చూసుడు నా పని గాదు అన్నాడు. తను మాత్రం ఎవరికీ ఫలానా రోజు ఇస్తానని అబద్ధం చెప్పేవాడు కాదు. కుట్టలేదంటే కుట్టలేదు అనేవాడు. టైలర్లలో అలాంటివాడు ఇంకొకడు నాకు తారసపడలేదు.

అమ్మ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఆయన అడగకముందే, "మాది అండే మాస్టర్, తొందర లేదు" అనేది. అందుకే మా బట్టలు క్రిస్మస్‌కు కుట్టడానికి ఇస్తే ఒక్కోసారి గుడ్‌ఫ్రైడేకు వచ్చేవి. నాన్న విసుక్కునేవాడు.

కొన్నేళ్ళ కింద అమ్మకు రొమ్ములో గడ్డ వచ్చింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి ఒక పక్క తీసేశారు. అంతవరకు అమ్మకు తెలుసు. అది మళ్ళీ వచ్చిందని, లోపలికి పాకిందని, ఇక చేసేదేమీ లేదని డాక్టరు వరండాలో చెప్పింది నాన్నకూ నాకూ. అమ్మకు మేం చెప్పింది వేరు. మందుల వేడికి నీరసం, నాలుగు ముద్దలు ఎక్కువ తింటే లేచి తిరుగుతావు అని. ఇద్దరం ఒకే అబద్ధాన్ని ఒకే మాటలతో చెప్పేందుకు ముందే అనుకుని మరీ చెప్పాం. అమ్మ సరే అనేది. ఇంకేమీ అడిగేది కాదు.

ఆ డిసెంబరులో అమ్మ ఒకే ఒక్క కోరిక కోరింది. క్రిస్మస్ ఆరాధనకు చర్చికి వెళ్ళాలని. అయితే ఒంటి మీద ఏ జాకెట్టూ నిలవడం లేదు. పిన్నీసులు పెట్టుకుని వెళ్తే అందరూ అయ్యో అంటారు, ఆ అయ్యో వినలేను, సరిగ్గా కుదిరిన జాకెట్ ఒక్కటి ఉంటే చాలు అంది. సరేనని ఆటోలో మాస్టర్ దగ్గరికి తీసుకుపోయాను.

అది పండగ సీజను. బెంచీ నిండా ఆడవాళ్ళు. మాస్టర్ ఆడవాళ్ళ ఒంటికి టేపు తగలనివ్వడు. కొలతకు ఒక పాత జాకెట్ తీసుకెళ్ళాలి. దాన్ని ఆది అంటారు. అమ్మ కొత్త గుడ్డతో పాటు ఆది కూడా మిషన్ మీద పెట్టింది. ఆయన ఆదిని పరిచి, కళ్ళద్దాల పైనుంచి ఎదురుగా ఉన్న మనిషి భుజాలు చూశాడు. పెదాల మధ్య సూదులతోనే, "ఈ ఆది మీది గాదమ్మా. ఇంకెవలదో తెచ్చిండ్రు" అన్నాడు.

"నాదే మాస్టర్" అంది అమ్మ. "నేను, టీచరమ్మను."

ఆయన సూదులు తీశాడు. ఇరవై ఏళ్ళుగా బట్టలు కుడుతున్న మనిషిని ఆయన పోల్చుకోలేదు. బెంచీ మీదివాళ్ళంతా ఇటు తిరిగారు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, అలవాటుపడిన నాలుక అనేసింది. "లైఫా టీచరమ్మా, డెత్తా?"

అన్నాక ఆయన ముఖం చూడలేకపోయాను. నేను గట్టిగా, "లైఫ్ మాస్టర్, లైఫ్" అన్నాను. అంత గట్టిగా అనాల్సిన పని లేదు. అమ్మ నా చెయ్యి మీద చెయ్యి వేసి, "మాది అండే మాస్టర్, ఎప్పటిలెక్కనే" అంది.

ఆదితో పని జరిగేలా లేదు. ఆయన లోపలి నుంచి తన భార్యను పిలిచాడు. ఆమె అమ్మను పరదా వెనక్కి తీసుకుపోయి, టేపు పెట్టి కొలతలు పైకి చెబుతుంటే ఆయన ఇవతల సుద్దతో గుడ్డ మీద గీతలు పెట్టాలి. భుజం చెప్పింది. చెయ్యి చెప్పింది. నడుం చెప్పింది. ఒక్కో అంకె పరదా దాటి బెంచీ మీద కూర్చున్న అందరి చెవుల్లో పడుతోంది. అవి చిన్నపిల్ల కొలతలు. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు ఆగిపోయింది. కాసేపటికి పరదా పక్కకు జరిపి బయటికి వచ్చి, ఆయన చెవి దగ్గర ఉర్దూలో మెల్లగా ఏదో చెప్పింది. మాస్టర్ సుద్దముక్క కింద పెట్టాడు. లేచి నిలబడి, బెంచీ మీదివాళ్ళతో ఇయ్యాల దుకాణం బందు అన్నాడు. మిట్టమధ్యాహ్నం, పండగ సీజన్లో. ఎవరూ ఎందుకని అడగలేదు. అందరూ లేచి, ఎవరి ముఖం ఎవరూ చూసుకోకుండా వెళ్ళిపోయారు. అమ్మ పరదా వెనక నుంచి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని వచ్చింది. ఎవరికీ ఏమీ అన్యాయం చెయ్యని నలుగురం తప్పు చేసినవాళ్ళలా తలలు వంచుకుని నిలబడ్డాం.

జాకెట్ మర్నాడే ఆయన భార్య తెచ్చిచ్చింది. మాస్టర్ లోపలి లైనింగులో ఒక పక్క మెత్తటి దూది అమర్చి, దాన్ని బయటికి కనపడకుండా కుట్టాడు. మేం చెప్పలేదు, చెప్పే ధైర్యం కూడా మాకు లేదు. క్రిస్మస్ రోజున అమ్మ చర్చిలో ముందు వరసలో కూర్చుని పాటలన్నీ పాడింది. ఒక్కరు కూడా అయ్యో అనలేదు. పైగా ఒకామె, ఎవరు కుట్టారు వదినా, భలే కుదిరింది అని అడిగింది. అమ్మ ఆ మాటకు రోజంతా ముఖం వెలిగించుకుని తిరిగింది.

పండగ అయిన రెండు మూడు రోజులకు, మాస్టర్‌కు పిండివంటలు ఇచ్చి వద్దామంది అమ్మ. ఏటా ఇచ్చేదే. నా చెయ్యి పట్టుకుని షాపు మెట్టు ఎక్కింది. ఎక్కి, గోడ వైపు చూసింది. కొక్కేలు లేవు. మూడు చిల్లులు మాత్రం ఉన్నాయి. కుట్టాల్సిన బట్టలన్నీ బెంచీ మీద ఒకే కుప్పగా పడి ఉన్నాయి. ఏమైందని అడిగితే ఆయన పిండివంటల డబ్బా అందుకుంటూ, "ఆ మాట ఇడిసిపెట్టిన అమ్మా" అన్నాడు. అంతే అన్నాడు. బజారులో దీనికి వేరే వేరే కథలు చెప్పుకున్నారు. ఎవరో ఆఫీసరు బెదిరించాడని, మసీదులో పెద్దలు మందలించారని. అసలు కారణం మా ఇంట్లో ఉందని తెలిసి కూడా నేను ఎప్పుడూ నోరు విప్పలేదు.

అమ్మ మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుంది. సంచిలోంచి కాగితంలో చుట్టిన తెల్లగుడ్డ తీసి మిషన్ మీద పెట్టింది. ఆ గుడ్డ ఎప్పుడు కొన్నదో, ఎవరితో తెప్పించుకున్నదో నాకు తెలియదు.

"మాస్టర్, నన్ను అడుగుండ్రి" అంది.

"ఏమడుగాలె టీచరమ్మా?"

"మీరు అందర్ని అడిగేది."

ఆయన తల అడ్డంగా ఊపాడు. నేల చూస్తూ ఊపుతూనే ఉన్నాడు. అడగాల్సిన అవసరమే లేనట్టు అమ్మ తనే చెప్పింది. "డెత్ మాస్టర్. ఇది తెల్లజాకెట్. ఆది మీ దగ్గర లేదు గని కొలతలున్నయి గదా."

మా చర్చిలో పోయినవాళ్ళకు తొడిగేది తెల్లబట్టలే. నేను అక్కడే, అమ్మ భుజం వెనక నిలబడి ఉన్నాను. నెలల తరబడి నాన్నా నేనూ కాపలా కాసిన మాటను, మాకు చెప్పకుండా టైలర్‌కు చెప్పింది. మాకు చెప్పేందుకు మేం ఎప్పుడు సందు ఇచ్చాం? అమ్మ నోరు తెరిస్తే ముద్ద పెట్టాం, మాట రాకముందే ధైర్యం చెప్పాం. కనీసం అప్పుడైనా అమ్మా అని పిలవాల్సింది. చెప్పులు వెతుక్కుంటున్నట్టు మెట్టు దిగాను.

మాస్టర్ గుడ్డను రెండు చేతులతో అందుకున్నాడు. టైలర్ అడిగేదే అడిగాడు. "ఎప్పటికి గావాలె టీచరమ్మా?"

అమ్మ నవ్వింది. ఆపరేషన్ తరువాత అంత నవ్వు నేను వినలేదు. నవ్వి, "కుట్టి పెట్టుండ్రి. మా బిడ్డ వచ్చి తీస్కపోతది" అంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కూరగాయల ధరల గురించి మాట్లాడింది. నేనూ కూరగాయల ధరల గురించే మాట్లాడాను.

ఆ తరువాత వారం వారం, నేను ఉండే ఖమ్మం నుంచి ఇంటికి వచ్చినప్పుడల్లా, జాకెట్ అయిందేమో కనుక్కురా అని పంపేది. నేను వెళ్ళి, మెట్టు మీదే నిలబడి, "అమ్మ జాకెట్..." అని ఆగేదాన్ని. ఏ జాకెట్ అని ఆయన ఎప్పుడూ అడగలేదు. "ఇంకా అండ్‌ల ఉన్నది బిడ్డా. చెయ్యి వెట్టలే" అనేవాడు. విడిచిపెట్టిన మాటను నా ఒక్కదాని కోసం మళ్ళీ తీసేవాడు. ఇంటికొచ్చి చెబితే అమ్మ, "అట్లనా, మాస్టర్‌కు పని ఎక్కువున్నట్టుంది" అని తృప్తిగా అటు తిరిగి పడుకునేది. ఆ రోజు ఒక ముద్ద ఎక్కువ తినేది. నాకూ ప్రాణం కుదుటపడేది. ఆయన జాప్యం చేసేకొద్దీ నాకు హాయిగా ఉండేది. అమ్మ నన్ను ఆ షాపుకు ఎందుకు పంపుతోందో ఆలోచించలేదు. ఆ మెట్టు ఎక్కి దిగడం నాకు అలవాటు చేస్తోందని, ఒక్కసారైనా తిరిగొచ్చి తన పక్కన కూర్చుని అసలు మాట ఎత్తుతానని చూస్తోందని ఇప్పుడు అనిపిస్తుంది. నేను ఎత్తలేదు.

ఎండలు ముదరకముందే ఒక పొద్దున అమ్మ పోయింది. ఇల్లంతా జనం. స్నానం చేయించే ఆడవాళ్ళు తెల్లబట్టలు అడిగారు. చీర దొరికింది. జాకెట్ అనేసరికి అది ఇంకా మాస్టర్ దగ్గరే ఉందని గుర్తొచ్చింది. ఎవరినైనా బజారుకు పంపాలని నేను వాకిట్లోకి వచ్చేసరికి, మాస్టర్, ఆయన భార్య గేటు తీసుకుని లోపలికి వస్తున్నారు. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు. మా ఊళ్ళో ఒక్క రోజు బయట ఉంచితే తెల్లగుడ్డకు బొగ్గుదుమ్ము పడుతుంది. ఆ జాకెట్ మీద మచ్చ లేదు. ఇస్త్రీ మడతలు చాలా రోజులు అలాగే ఉండి గట్టిపడ్డాయి. ఆయన భార్య కవరు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆయన నా ముందు నిలబడ్డాడు.

"తప్పు జేసిన బిడ్డా" అన్నాడు. "నీకు అబద్ధం చెప్పిన. మీరొచ్చి పోయిన దినమే కుట్టిన. అయ్యిందని చెప్పనీకి నోరు రాలే. గిన్నేండ్లల్ల కుట్టిందాన్ని కుట్టలేదని ఎవలకి చెప్పలే. నీకొక్కదానికే చెప్పిన. మాఫ్ చెయ్యి."

ఆయన ఏడుస్తున్నాడు. లోపల అమ్మకు ఆ జాకెట్ తొడుగుతున్నారు. ఆమెతో చివరిదాకా ఒక్క నిజం మాట్లాడనిదాన్ని నేను. అది చెప్పడానికి ఆ వాకిట్లో ఆయన కంటే తగిన మనిషి నాకు లేడు. చెప్పలేదు.

"పర్లేదు మాస్టర్" అన్నాను, పెద్ద మనసు చేసుకున్నట్టు.

ఆయన రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టాడు.